సఫేద్‌పోష్ ఇంటి హిసాబ్

మా అబ్బా జనాజా మసీదు ముందు పెట్టినప్పుడు, నమాజుకు ముందు నేను నాలుగు మాటలు చెప్పాల్సి వచ్చింది. అది మా ఆనవాయితీ. చనిపోయిన మనిషి ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి తమను అడగమని, మాఫ్ చేయగలిగినవాళ్లు మాఫ్ చేయమని కొడుకులు నలుగురి ముందు చెప్పాలి. 2019లో ఆ రోజు నేను ఆ మాటలు ఉర్దూలో చెప్పి, మళ్లీ తెలుగులో చెప్పాను. గేటు దగ్గర మా గల్లీ కిరాణా సేఠు, పాలాయన, అబ్బాతో పనిచేసిన ప్రెస్సు మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్లకూ అర్థం కావాలి కదా.

తర్వాత పదిరోజుల్లో ఇద్దరు వచ్చారు. కిరాణా సేఠు ఖాతా పుస్తకం తెచ్చి, చూపించడానికి మొహమాటపడుతూ నిలబడ్డాడు. 640 రూపాయలు. రెండో ఆయన అబ్బాతోపాటు కితాబత్ చేసిన పెద్దమనిషి. 1996లో ఇచ్చిన 500 రూపాయలు మాఫ్ చేశానని చెప్పిపోవడానికి బస్సెక్కి వచ్చాడు. అమ్మీ పెట్టెలో ఒక బైతుల్‌మాల్ రసీదు దొరికింది, గాజు కుదువ పెట్టింది. అన్నిటికంటే పెద్ద అప్పు కోసం మాత్రం ఎవరూ రాలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

నేను పనిచేసిన తెలుగు పత్రికాఫీసులో జీతం లేటయితే అందరం గొణుక్కునేవాళ్లం. నేను గొణిగితే మాత్రం "నీకేంది భాయ్, నవాబులు మీరు" అని నవ్వేవాళ్లు. నవ్వులో విషం ఏమీ లేదు. కానీ ఆ మాట వెనక ఒక చరిత్ర పాఠం ఉంది. బళ్లో చదువుకున్న పాఠం. అందులో ముస్లిం అంటే గోల్కొండ వజ్రం, చౌమహల్లా షాండ్లియర్, పేపర్‌వెయిట్‌గా వాడిన జాకబ్ డైమండ్. ఆ పాఠంలో సాలార్‌జంగ్ ఉంటాడు కానీ సాలార్‌జంగ్ దేవిడీ గేటు కాసిన జవాను ఉండడు. ఆ జవాను భార్య నెలాఖరులో బియ్యం ఎక్కడ బదులు తెచ్చుకుందో అసలే ఉండదు.

నవాబుల సంగతే తీసుకుందాం. ఆ రాజ్యం కూడా అప్పులతో నడిచిన రాజ్యమే. పామర్ కంపెనీ దగ్గర నిజాం సర్కారు నూటికి 25 చొప్పున వడ్డీకి తెచ్చిన అప్పుల కథ 1820లలోనే లండన్ దాకా పోయింది. హైదరాబాద్ కంటింజెంట్ ఫౌజు జీతాల బకాయిల కింద 1853లో బేరార్ సూబానే ఇంగ్లీషు కంపెనీ చేతిలో పెట్టారు. అంటే రాజ్యం కూడా తన నగ కుదువ పెట్టింది. తేడా ఏమంటే, బేరార్ పోయిన సంగతి పుస్తకాలకెక్కింది. మా దాదీ లచ్ఛా పోయిన సంగతి ఎక్కలేదు.

అప్పులిచ్చేవాళ్లు అంటే మనకు మార్వాడీ సేఠే గుర్తొస్తాడు. 19వ శతాబ్దపు హైదరాబాద్‌లో మార్వాడీ, గోసాయి సాహుకార్లతోపాటు అరబ్ జమేదార్లు, రొహిల్లాలు కూడా వడ్డీ వ్యాపారం చేశారు. సూద్ హరామ్ అని తెలిసిన ముసల్మానులే చేశారు. బాకీ తీర్చనివాణ్ని తమ పహారాలో కూర్చోబెట్టి వసూలు చేసిన రోజులు కూడా ఉన్నాయి. సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో వాళ్లను అదుపులో పెట్టడానికి సర్కారు చాలా తంటాలు పడింది. తర్వాత చాలా ఏళ్లకు, 1349 ఫస్లీలో, అంటే 1939-40 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల మీద నిజాం సర్కారు ఒక చట్టమే చేసింది. తెలంగాణ ప్రాంతపు మనీ లెండర్స్ చట్టంగా చాలాకాలం నిలిచింది అదే. వడ్డీకి మతం లేదు. అప్పు పడినవాడికీ అప్పుడు మతం గుర్తుండదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. దాన్ని మనమే మర్చిపోయాం. వడ్డీ లేకుండా అప్పివ్వడం ఎట్లా అని ఈ నగరం చాలా ముందే ఆలోచించింది. 1890లలోనే హైదరాబాద్‌లో వడ్డీలేని అప్పుల సంఘాలు మొదలయ్యాయి. 1923లో ఒక సర్కారీ శాఖ ఉద్యోగులు అంజుమన్ ఇమ్దాద్-ఎ-బాహమీ ఖర్జ్ బిలా సూద్ అని పెట్టుకున్నారు. పేరులోనే అంతా ఉంది. పరస్పర సహాయం, వడ్డీ లేని అప్పు. నెలనెలా తలా కొంత జమ చేసుకోవడం, అవసరం పడ్డవాళ్లు ఆ సొమ్ములోంచే తీసుకుని కంతుల్లో తిరిగి కట్టడం. ఉస్మానియా యూనివర్సిటీలో ఎకనామిక్స్ శాఖకు పెద్దగా ఉన్న అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ 1940లలో ఇస్లాం, వడ్డీ సిద్ధాంతం మీద పుస్తకం రాశాడు. అదే యూనివర్సిటీలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెప్పిన ముహమ్మద్ హమీదుల్లా 1948 తర్వాత పారిస్‌లో ఉండిపోయాడు. ఇస్లామీ ఆర్థిక ఆలోచనకూ ఆచరణకూ హైదరాబాద్ చేసిన దోహదం గురించి 1955లో ఒక జర్మన్ పరిశోధన పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. ఇవాళ మలేషియాలోనో దుబాయ్‌లోనో వడ్డీలేని బ్యాంకులు నడుస్తున్నాయంటే, ఆ ఆలోచన పుట్టిన ఊళ్లలో మన ఊరు కూడా ఒకటి.

అయితే ఆ సంఘాల్లో ఎవరున్నారు? జీతం ఉన్నవాళ్లు. నెలకింత జమ చేయగలవాళ్లు. ఇంకో జీతగాణ్ని జామీను తేగలవాళ్లు. జీతం పోతే?

జీతం ఎట్లా పోయిందో మా దాదాను చూస్తే తెలుస్తుంది. ఆయన నల్గొండ వైపు ఒక జాగీరు దఫ్తర్లో అహల్కార్. నవాబు కాదు, నవాబు లెక్కలు రాసే గుమాస్తా. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. భూమి దున్నే రైతు మీద జాగీర్దారు పెత్తనం పోవడం న్యాయమే. అందులో నాకు రెండో మాట లేదు. జాగీర్దార్లకు పరిహారం లెక్కగట్టారు. ఆ దఫ్తర్లలో కలం పట్టినవాళ్లు, గేటు కాసినవాళ్లు, గుర్రాలకు దాణా వేసినవాళ్లు మాత్రం ఒట్టి చేతులతో రోడ్డు మీదికొచ్చారు. నిజాం ఫౌజు రద్దయి వేల ఇళ్లల్లో పొయ్యి ఆరింది. దఫ్తర్ల భాష మారుతూ వచ్చింది. ఉర్దూలో అర్జీలు రాసి బతుకుదామనుకున్న దాదాకు అర్జీ రాయించుకునేవాళ్లు ఏటికేడు తగ్గిపోయారు.

ఆ కాలంలోనే సిక్కా కూడా మారింది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. దాదీకి అంకెలు రావు కానీ ఈ లెక్క మాత్రం చచ్చేదాకా గుర్తుంది. ఎందుకంటే ఆమె దాచుకున్న హాలీ రూపాయలన్నీ ఒక్కసారిగా ఏడోవంతు తగ్గినట్టే కనబడ్డాయి. ఆమె పెళ్లి నగ కాలీపోత్ లచ్ఛా. నల్లపూసల మధ్య బంగారు పూసలు. అవసరం వచ్చినప్పుడల్లా ఒక్కో బంగారు పూస తీసి అమ్మేది, దారం మళ్లీ ముడేసి మెడలో వేసుకునేది. మా అబ్బా పెళ్లినాటికి నల్లపూసలే మిగిలాయి. అయినా పెళ్లిళ్లకు వేసుకుని పోయేది. దూరం నుంచి చూసినవాళ్లకు లచ్ఛా లచ్ఛాలాగే కనిపించేది.

దీన్నే మా ఇళ్లల్లో సఫేద్‌పోషీ అంటారు. సఫేద్‌పోష్ అంటే తెల్లబట్టలు కట్టుకున్నవాడు. లోపల కడుపు ఎట్లా ఉన్నా పైన కుర్తా ఇస్త్రీ చెడకుండా చూసుకునేవాడు. చెయ్యి చాపలేనివాడు. ఇది గొప్ప అనాలో తప్పు అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. మమ్మల్ని నవాబులని నవ్వినవాళ్లు చూసింది ఈ తెల్లకుర్తానే.

అబ్బా ఉర్దూ పత్రికలో కాతిబ్. బటర్ పేపరు మీద కలంతో వార్తలన్నీ నస్తాలీఖ్‌లో రాసేవాడు. ఆ రాతే అచ్చయ్యేది. కంప్యూటరు వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక కాతిబుల పని చూస్తుండగానే పోయింది. పదిమంది కూర్చున్న గదిలో ఇద్దరు కుర్రాళ్లు కీబోర్డులు పట్టుకుని కూర్చున్నారు. అబ్బా హెడ్డింగులకే పరిమితమయ్యాడు, ఆ తర్వాత పెళ్లి రుఖాలు రాసే పనికి. ఆయన మధ్యవయసులో మా ఇంటి ఆమ్‌దనీ సగానికి పడింది. అప్పటికి మేము ముగ్గురం పిల్లలం, దాదీ, ఒక మేనత్త.

ఆ సగం ఆమ్‌దనీతో ఇల్లు నడిపింది అమ్మీ. అర్థశాస్త్రంలో ఏ పుస్తకమూ చదవని మనిషి. ఆమె దగ్గర ఐదు డబ్బాలు ఉండేవి. కిరాయి, రేషను, ఫీజు, దవా అని నాలుగు. ఐదోది చిన్నది, దాన్ని అల్లాహ్ డబ్బా అనేది. మొదటి తారీఖున డబ్బు రాగానే ముందు డబ్బాల్లోకి పోవాలి, మిగిలిందే చేతిలో ఉండాలి. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాకు తీస్తే నోటుబుక్కులో ఉర్దూ అంకెల్లో రాసేది. కిరాయి డబ్బా దవా డబ్బాకు బాకీ. తనకు తానే అప్పిచ్చుకుని, వచ్చే నెల వసూలు చేసుకునేది. అల్లాహ్ డబ్బాలోంచి మాత్రం ఎప్పుడూ బదులు తీసుకోలేదు. అందులోంచి ఎదురింటి విధవకు పోయేది. ఆమెకూ మాకూ తేడా ఎంత? ఒక డబ్బా.

తిండి సంగతి. వారంలో నాలుగు రోజులు ఖట్టీ దాల్. చుట్టాలొస్తే దాల్చా. దాల్చాను హోటళ్లలో బగారా అన్నంతో గొప్పగా వడ్డిస్తారు కానీ, అది లేని ఇంటి తెలివి. అర కిలో మాంసంలో శనగపప్పు, సొరకాయ, చింతపండు పులుసు పోసి పదిమందికి సరిపెట్టడం. ప్రతి గిన్నెలో ఒక ముక్క కనబడితే చాలు, ఇంటి ఇజ్జత్ నిలిచింది. బక్రీదుకు ముగ్గురు నలుగురి ఇళ్లనుంచి వచ్చిన మాంసాన్ని సన్నగా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి, మిద్దె మీద దారాలకు ఎండేసేది. మా పక్కింటి తెలుగువాళ్లు ఒట్టి తునకలంటారు. పండుగ పోయిన రెండు నెలలదాకా పులుసులో ఆ తునకలే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినప్పుడు అమ్మీ కొత్త కోడలు. రేషను దుకాణం క్యూలో బుర్ఖా వేసుకుని నిలబడినందుకు దాదీ వారంరోజులు మాట్లాడలేదట. నాలుగో నెలలో దాదీయే సంచీ కుట్టి ఇచ్చిందట.

అన్నిటికన్నా గట్టి ఆసరా చిట్టీ. మా గల్లీలో 20 మంది ఆడవాళ్లు, నెలకు తలా 50 రూపాయలు. నెలకో వెయ్యి. పేర్లు కాగితం ముక్కల మీద రాసి, ఎవరో ఒక చిన్న పిల్లతో ఖురా తీయించేవాళ్లు. పేరు వచ్చినామె ఆ నెల వెయ్యి తీసుకునేది. 20 నెలలకు అందరికీ ఒక్కోసారి వచ్చేది. బజారు చిట్టీకీ దీనికీ తేడా ఉంది. బజారు చిట్టీలో పాట ఉంటుంది. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లు తగ్గించి పాడుకుంటారు. అంటే కష్టంలో ఉన్నామె నష్టపోతుంది, ఆమె నష్టమే మిగతావాళ్ల లాభం. మా ఆడవాళ్ల చిట్టీలో పాట లేదు. వెయ్యి వేసినామెకు వెయ్యే వస్తుంది. ఎవరింట్లోనైనా కాన్పో, ఆసుపత్రో వస్తే ఖురా వచ్చినామె తన వంతు ఆమెకు ఇచ్చి, ఆమె వంతు తాను తీసుకునేది. కాగితం లేదు, సంతకం లేదు, జామీను లేదు. ఉన్నదల్లా జబాన్. ఆ చిట్టీలో మా ముస్లిం ఆడవాళ్లతోపాటు గాజులమ్మే తెలుగు అవ్వ కూడా ఉండేది. ఎవరూ ఆమెను కల్మా అడగలేదు.

హమీదుల్లా సాబ్ పారిస్‌లో కూర్చుని రాసిన వడ్డీలేని పరస్పర సహాయం ఇదే కదా. కానీ ఆ సంఘాల రిజిస్టర్లు ఎవరో ఒకరు చదివి చరిత్ర రాశారు. ఈ ఆడవాళ్ల కాగితం ముక్కలు పొయ్యిలోకి పోయాయి.

చిట్టీ వంతు రానప్పుడు బైతుల్‌మాల్. హైదరాబాద్‌లో 1966లో తూర్ బైతుల్‌మాల్ వచ్చింది, తర్వాత ఎన్నో మొహల్లాల్లో చిన్నా పెద్దా బైతుల్‌మాల్‌లు వచ్చాయి. నగ పెడితే వడ్డీ లేకుండా అప్పు. కొన్నిచోట్ల దఫ్తర్ ఖర్చుల కింద కొంచెం తీసుకుంటారు. సాహుకారు నోట్లోంచి ఎన్నో ఇళ్లను బయటికి లాగిన సంస్థలివి. వాటి మేలు తిన్న ఇంట్లో పుట్టినవాణ్ని నేను, కాదనను. కానీ నగ ఉంటేనే అప్పు. నల్లపూసలే మిగిలిన మా దాదీ లాంటివాళ్లు ఆ గుమ్మం ఎక్కి ఏం పెట్టాలి?

నగ లేనివాళ్లకు జకాత్ ఉంది కదా అంటారు. ఉంది. కలిగినవాళ్ల సొమ్ములో నలభయ్యోవంతు, ఏటేటా. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎవరు కలిగినవాళ్లు అనే గీత ఏడున్నర తులాల బంగారం, లేదా యాభై రెండున్నర తులాల వెండి. రెండూ కలిసి, కొంత నగదు కూడా ఉంటే వెండి లెక్కనే చూడమంటారు మా హనఫీ ఉలమాలు. ఒకప్పుడు ఆ రెండు గీతలూ దగ్గరదగ్గరగా ఉండేవి. ఇప్పుడు బంగారం కొండెక్కింది, వెండి గీత కిందనే ఉంది. కనుక అమ్మీ చేతికి రెండు తులాల గాజులు, డబ్బాలో చిట్టీ సొమ్ము ఉన్న ఏడాది ఆమె జకాత్ తీసుకునే మనిషి కాదు, ఇచ్చే మనిషి. ఇంట్లో నూనె అయిపోయింది, ఆమె జకాత్ లెక్క వేస్తోంది! నేను నవ్వితే కోప్పడేది. "ఇచ్చే చెయ్యి ఉంచిండు కదా అల్లాహ్" అనేది.

మరి ఖుర్ఆన్ తౌబా సూరాలో జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది రకాలవాళ్లను చెప్పింది. అందులో అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు కూడా ఉన్నారు. అప్పు లెక్క తీసేస్తే సగం సఫేద్‌పోష్ ఇళ్లు గీతకు కిందికే వస్తాయి. కానీ అప్పు ఉందని ఎవరు చెప్పుకుంటారు? చెప్పుకోనిదే ఎవరికి తెలుస్తుంది? మన కలిగినవాళ్లు రంజాన్ ఆఖరి పది రోజుల్లో ఇంటిముందు క్యూ కట్టించి వందా రెండువందలు పంచుతారు. ఆ క్యూలో నిలబడగలిగినవాళ్లకే అది చేరుతుంది. 2020 లాక్‌డౌన్‌లో విలేఖరిగా తిరుగుతూ పాతబస్తీ గల్లీలో ఒకటి చూశాను. యువకులు ప్రాణాలకు తెగించి ఇంటింటికీ రేషను సంచులు మోశారు, వాళ్లకు సలాం. కానీ ఒక తలుపు దగ్గర సంచీ ఇస్తూ సెల్‌ఫోను ఎత్తితే, లోపలి చెయ్యి సంచీని వదిలేసి తలుపు వేసుకుంది. ఆ చేతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా కఫ్ ఉంది.

ఇక సర్కారు, బ్యాంకులు. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశారు, పేదలకు అప్పులిస్తామన్నారు. 1982లో డ్వాక్రా వచ్చింది, అది పేరులోనే గ్రామీణ ప్రాంతాలది. పట్నం గల్లీల్లో అగర్‌బత్తీలు చుట్టి, కార్చోబ్ కుట్టి బతికే మా ఆడవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. 1985లో రాష్ట్రంలో మైనారిటీల ఆర్థిక సంస్థ పెట్టారు. సబ్సిడీ ఇస్తామన్నారు, కానీ బ్యాంకు ఒప్పుకున్న కాగితం తెమ్మన్నారు. బ్యాంకు ఒప్పుకోదు. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక ఆ గుట్టు విప్పింది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను అప్పులివ్వకూడని నెగెటివ్ జోన్లుగా గుర్తుపెట్టుకున్నాయని అందులో రాసి ఉంది. అంటే మేం అప్పు ఎగ్గొట్టామని కాదు, మా పిన్‌కోడ్ ఎగ్గొట్టిందని.

మా వైపు నుంచి కూడా ఒక తలుపు మూసే ఉంది. వడ్డీ హరామ్ కనుక బ్యాంకుకు పోకపోవడం. వడ్డీలేని బ్యాంకింగ్‌కు చోటివ్వాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోబోమని రిజర్వు బ్యాంకు 2017లో తేల్చేసింది. ఈ రెండు మూసిన తలుపుల మధ్య సందులో ఎవరు నిలబడ్డారో చూడండి. గిరిగిరివాడు. 10,000 రాసుకుని 9,000 చేతిలో పెడతాడు. రోజుకు వంద చొప్పున వందరోజులు. వడ్డీ అన్న మాటే ఉండదు. కానీ రోజురోజుకూ కడుతూ పోతుంటే సగటున చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. దానిమీద వందరోజులకు వెయ్యి. ఏడాదికి లెక్కేస్తే నూటికి ఎనభై దాటుతుంది. పామర్ కంపెనీ పాతికకే పేరు చెడగొట్టుకుంది! మైక్రోఫైనాన్సు కంపెనీలు 2000ల్లో గల్లీగల్లీ తిరిగాయి. ఆత్మహత్యల దాకా పోయాక 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు తగ్గాయి, గిరిగిరివాడు ఎక్కడికీ పోలేదు. ఇంకోవైపు హలాల్ లాభమని ఆశపెట్టి బంగారం, పొదుపు పట్టుకుపోయిన సొంత మతం వాళ్లు. బ్యాంకుకు పోలేని భయాన్నే వాళ్లు పెట్టుబడిగా మార్చుకున్నారు. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు అమ్మీ చిట్టీ ఆడవాళ్లు బియ్యం డబ్బాల అడుగునుంచి నోట్లు తీసి, మొగుళ్లకు మొదటిసారి చూపించి, బ్యాంకు గేట్ల ముందు నిలబడ్డారు. అప్పటిదాకా అప్పు కోసం తలుపు తీయని బ్యాంకు, వాళ్ల సొమ్ము తీసుకోవడానికి మాత్రం తలుపు తీసింది.

ఇప్పుడు ఆ పెద్ద అప్పు సంగతి.

2009లో నా చెల్లెలి నికాహ్ కుదిరింది. పెళ్లికొడుకువాళ్లు దీన్‌దార్ మనుషులు. సూద్ ఊసెత్తితే తౌబా అంటారు. జోడే కీ రఖం మాత్రం లెక్కపెట్టి తీసుకున్నారు. వడ్డీ ఇవ్వడం తీసుకోవడం గుణాహ్ అయితే, ఆడపిల్ల తండ్రి మెడమీద కూర్చుని రొక్కం తీసుకోవడం ఏమవుతుందో ఏ జుమా ఖుత్బాలోనూ నేను గట్టిగా వినలేదు. తర్వాత 2014లో తెలంగాణ సర్కారు షాదీ ముబారక్ కింద 51,000 ఇచ్చింది, 2018 నాటికి 1,00,116 చేసింది. ఎన్నో ఇళ్లు గట్టెక్కాయి. కానీ సర్కారు ఇచ్చేది పెరిగినకొద్దీ పెళ్లికొడుకులు అడిగేది కూడా పెరగడం చూశాను.

అమ్మీ చిట్టీ ఎత్తింది. గాజులు బైతుల్‌మాల్‌కు పోయాయి. ఇంకా లక్షన్నర తక్కువ. నేను జీతం ఖాతా ఉన్న బ్యాంకుకు పోయాను. ఆఫీసరు కాగితాలన్నీ చూశాడు, చిరునామా దగ్గర ఆగాడు. "ఈ ఏరియాకు కష్టమండీ" అన్నాడు. సచార్ నివేదిక మీద పత్రికలో పేజీ నిండా రాసినవాణ్ని, కౌంటరు ముందు నోరు పెగల్లేదు. చివరికి ఆఫీసు చిరునామా మీద, ఒక సహోద్యోగి జామీను మీద అప్పు దొరికింది. జామీను సంతకం పెట్టింది ఎవరో తెలుసా? నన్ను నవాబు అని నవ్విన తెలుగు దోస్తే. మూడో మాట అడక్కుండా పెట్టాడు.

అబ్బా అడిగాడు, "డబ్బు ఎక్కడిది బేటా? సూద్‌ది కాదు కదా?"

"లేదబ్బా. ఒక దోస్త్ ఇచ్చిండు. ఖర్జ్-ఎ-హసనా."

ఆ రోజునుంచి అబ్బా ప్రతి నమాజు తర్వాత ఆ దోస్త్ కోసం దువా చేసేవాడు. అతని రోజీలో బర్కత్ ఇమ్మని, అతని పిల్లల్ని చల్లగా చూడమని. నేను పక్కనే కూర్చుని 36 కంతులూ కట్టాను. 2012లో అప్పు తీరింది. అబ్బా దువా ఆగలేదు, ఆయన పోయేదాకా సాగింది. పేరు ఏమిటని రెండుసార్లు అడిగాడు. నేను జామీను పెట్టిన దోస్త్ పేరే చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు, నిజమూ కాదు.

జనాజా ముందు నిలబడి అబ్బా బాకీలు అడిగిన నేను నా బాకీ చెప్పలేదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, నేనూ సఫేద్‌పోష్‌నే కనుక. మనలో ఇట్లాంటి అబద్ధం చెప్పని కొడుకు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే ఎవరూ ఎత్తరు. మన అస్తిత్వం గురించి మనం చాలా రాశాం. టోపీ గురించి, బుర్ఖా గురించి, మమ్మల్ని అనుమానంగా చూసే కళ్ల గురించి. రాయాల్సిందే. కానీ నెల ఇరవయ్యో తారీఖు తర్వాత మన ఇంట్లో ఏం జరుగుతుందో రాయలేదు. అది రాయకపోతే నవాబు అన్న ముద్రను మనమే కాపాడుతున్నట్టు.

చేయదగ్గ పనులు ఊహకు అందనివేం కాదు. జకాత్‌లో అప్పులవాళ్ల వాటాను మొహల్లా వారీగా, పేరు బయటపెట్టకుండా, నేరుగా అప్పు ఇచ్చినవాడికే కట్టేయొచ్చు. బైతుల్‌మాల్‌లు నగతోపాటు చిట్టీ ఆడవాళ్ల జబాన్‌ను కూడా జామీనుగా తీసుకోవచ్చు. ఇరవై నెలలు ఒక్క కంతు తప్పనామెకంటే గట్టి జామీను ఏ బంగారం? బ్యాంకును పిన్‌కోడ్ గురించి లిఖితంగా అడగొచ్చు, నాలాగా నోరు మూసుకోకుండా. కంతు బాధల్లో ఉన్నవాడికి గడువివ్వమని, వదిలేస్తే ఇంకా మేలని చెప్పిన కితాబు మనది. గడువడిగే దారి కూడా మనమే వేయాలి.

నిరుడు ఈ వ్యాసం సగం రాసి అమ్మీకి చదివి వినిపించాను. బ్యాంకు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపాను. ఆమె ఏమీ అడగలేదు. నోటుబుక్కు తీసి, ఈ నెల చిట్టీలో తన వంతు వచ్చిందని, పైఇంటి అమ్మాయికి కాన్పు దగ్గరపడిందని, తన వంతు ఆమెకు ఇచ్చేసిందని రాసుకుంది. అబ్బా గాజు రసీదు ఇంకా ఆ పుస్తకంలోనే ఉంది. గాజు విడిపించాం. రసీదు పారేయనివ్వలేదు.

ఆ రోజు మసీదు ముందు చెప్పని మాట ఇక్కడ చెప్పేశాను. ఉర్దూలో అమ్మీకి చెప్పాల్సింది ఇంకా ఉంది.